మొరిగిన కుక్కనే కొడదాం

నెట్‌వర్క్ కార్డు మొరాయిస్తే ఏం చెయ్యాలన్న దాని మీద లోకంలో గొప్ప ఏకాభిప్రాయం ఉంది. ఎన్నికల్లో, మతంలో, ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నదాంట్లో కుదరని మాట ఇక్కడ కుదిరింది. ముందు యంత్రాన్ని రీస్టార్ట్ చెయ్యాలి. తగ్గకపోతే డ్రైవర్‌ను పీకేసి మళ్లీ వెయ్యాలి. అదీ పారకపోతే కార్డు మార్చాలి. అమీర్‌పేట కోచింగు గదుల నుంచి అమెరికా డేటా సెంటర్ల దాకా ఈ త్రిసూత్ర పథకానికి ఎదురు లేదు. దీనిలోని మహా సుగుణం ఏమిటంటే, ఏమీ చదవనక్కర్లేదు. లాగ్‌లో డ్రైవర్ ఏం రాసిందో చూడనక్కర్లేదు. కార్డు తన లోపల ఏయే లెక్కలు పెట్టుకుందో అడగనక్కర్లేదు. తీగకు అవతలి కొసన ఉన్న స్విచ్ ఏమంటోందో కనుక్కోనక్కర్లేదు. ఒక్క మీట నొక్కితే లోపమూ పోతుంది, లోపం ఎందుకొచ్చిందో చెప్పే ఆధారమూ పోతుంది. రెండోది పోయింది కాబట్టి మొదటిది మళ్లీ వస్తుంది. వస్తే రానీ, మీట ఎక్కడికీ పోలేదు. ఇంత నిలకడగా నడిచే ఉపాధి పథకాన్ని ఏ ప్రభుత్వమూ ఇంతవరకు రచించలేకపోయింది.

ఈ పథకం నిలబడింది ఒక నమ్మకం మీద: ఎర్రర్ ఎవరి పేరుతో వచ్చిందో తప్పు వాళ్లదే. తెర మీద డ్రైవర్ పేరు పడింది కాబట్టి చెడింది డ్రైవరే. ఇంతకీ ఆ డ్రైవర్ చేసే పనేమిటి? పంపవలసిన ప్యాకెట్ మెమరీలో ఎక్కడుందో, ఎంత పొడవుందో డిస్క్రిప్టర్ అనే చిన్న చీటీ మీద రాసి, రింగ్ అనే వరసలో పెడుతుంది. ఇక్కడిదాకా నింపానని కార్డులోని ఒక రిజిస్టర్‌కు చెబుతుంది. ఆ తర్వాతి పని కార్డుది. అది తనంతట తానే మెమరీలోంచి ప్యాకెట్‌ను లాక్కుని తీగ మీదికి పంపి, పని అయిందని గుర్తుపెట్టి, ఇంటరప్ట్‌తో కబురు చేస్తుంది. ఈ దారిలో మదర్‌బోర్డు ఉంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉంది, కార్డు ఫర్మ్‌వేర్ ఉంది, తీగ ఉంది, గోడలో సాకెట్ ఉంది, స్విచ్ ఉంది, స్విచ్‌కు అవతల ఇంకో యంత్రం ఉంది. ఇందరిలో ఈ యంత్రం తెర మీద, మనం చదవగల అక్షరాల్లో ఫిర్యాదు రాయగలిగింది డ్రైవర్ ఒక్కటే. తీగకు నోరు లేదు. సాకెట్‌కు లాగ్ ఫైలు లేదు. నోరున్నవాడు ఒక్కడే కాబట్టి నేరస్థుడూ వాడేనని తేల్చేశాం. తీర్పు త్వరగా రావాలంటే ఇంతకంటే సులువైన పద్ధతి లేదు, ఒప్పుకోవాల్సిందే.

లినక్స్ లాగ్‌లో ఒక వాక్యం కనబడగానే చూసినవాళ్ల వేలు రీస్టార్ట్ మీదికి పోతుంది. ‘నెట్‌డెవ్ వాచ్‌డాగ్’ అని మొదలై, ఫలానా కార్డులో ఫలానా ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్‌డ్ అవుట్ అని ముగిసే వాక్యం అది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత. ఈ కుక్క ఆ జాతిది కాదు. చాలా డ్రైవర్లలో దీని గడువు 5 సెకన్లు. పంపే వరస ఆగిపోయి 5 సెకన్లు గడిచినా కదలకపోతే మొరుగుతుంది. అది చెప్పేది ఇంతే: పంపమని ఇచ్చాను, పంపినట్టు కబురు రాలేదు. ఎందుకు రాలేదో దానికి తెలియదు, తెలిసినట్టు నటించదు కూడా. కార్డు పంపినా ఇంటరప్ట్ దారిలో పోయి ఉండవచ్చు. కార్డు లోపలే ఇరుక్కుని ఉండవచ్చు. బస్సు మీద మెమరీ చదవడం ఆగిపోయి ఉండవచ్చు. ఇవేవీ కాకుండా, పక్క యంత్రం చేసిన నిర్వాకమూ కావచ్చు. ఈథర్‌నెట్‌లో అవతలివాడు కాస్త ఆగమంటూ పాజ్ ఫ్రేము పంపే ఏర్పాటు ఉంది. గిగాబిట్ వేగంలో అలాంటి ఒక్క ఫ్రేము గరిష్ఠంగా 33 మిల్లీసెకన్లు నోరు కట్టగలదు. కొయ్యబారిపోయిన ఏదో ఒక యంత్రం ఆ ఫ్రేములను ఎడతెగకుండా గుప్పిస్తూ ఉంటే, స్విచ్ ఆ ఒత్తిడిని వెనక్కి నెడితే, ఏ పాపమూ ఎరుగని మన కార్డు 5 సెకన్లు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. కుక్క మొరుగుతుంది. మనం దొంగ సంగతి వదిలేసి కుక్కను బాది, వాకిలి మళ్లీ ప్రశాంతంగా ఉందని మురిసిపోతాం. అందిన పాజ్ ఫ్రేముల లెక్క కార్డులోనే ఒక అంకెగా ఉండింది. రీస్టార్ట్‌తో అది సున్నా అయింది.

దీనికి రీస్టార్ట్ భక్తుల దగ్గర మంచి జవాబే ఉంది. కెర్నెల్ మాత్రం ఏం చేస్తుంది, మొరిగాక అది కూడా డ్రైవర్ చేత కార్డును రీసెట్ చేయిస్తుంది కదా, మేం చేసేదీ అదే కదా అంటారు. నిజమే, రీసెట్ చేయిస్తుంది. కాని ముందు రాసి, తర్వాత చేయిస్తుంది. ఇంటెల్ కార్డులకు వాడే ఈ1000ఈ డ్రైవర్‌నే చూడండి. కార్డు ఇరుక్కుందని అనుమానం రాగానే ‘హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్’ అని రాసి, దాని కింద వరస తల ఎక్కడుంది, తోక ఎక్కడుంది, తాను ఎంతవరకు నింపింది, ఎంతవరకు ఖాళీ చేసింది అన్న అంకెలన్నీ ఒక్కొక్కటిగా అచ్చువేస్తుంది. తలా తోకా వేర్వేరు చోట్ల ఉండి కదలకపోతే కార్డు పని మధ్యలో ఆగిందన్నమాట. రెండూ కలిసి ఉండి, ఖాళీ చేసే లెక్క మాత్రం వెనకబడితే, కార్డు పంపేసింది కాని కబురు అందలేదన్నమాట. మొదటిదానికి వెతకవలసిన చోటు వేరు, రెండోదానికి వేరు. ఎలాంటి డిగ్రీ లేని యంత్రం పంచనామా రాసి మరీ రీసెట్ చేస్తోంది. డిగ్రీలూ సర్టిఫికెట్లూ ఉన్నవాళ్లు పంచనామా చించేసి రీసెట్ చేస్తున్నారు. రెండింటికీ పేరు ఒక్కటే కావచ్చు, పని ఒక్కటి కాదు.

ఇక లెక్కల సంగతి. మన వైద్యులు చూసేది ఒకటే పెట్టె: ఎర్రర్లు ఉన్నాయా, లేవా. ఉంటే కార్డు మార్పు. ఎర్రర్లలో జాతులున్నాయన్న సంగతి వాళ్లకు కులాంతర వివాహమంత అభ్యంతరకరం. సీఆర్‌సీ ఎర్రరు పెరుగుతుంటే ఫ్రేము తీగ మీదే చెడింది. చూడవలసింది కేబులు, కనెక్టరు, అవతలి పోర్టు. మిస్డ్ అనే లెక్క పెరుగుతుంటే తీగ బంగారం లాంటిది. వచ్చినవాటిని పెట్టుకోవడానికి రింగ్‌లో చోటు లేదు. ఆ చోటు ఎంతో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చాలా ఇంటెల్ డ్రైవర్లలో అడగకుండా దొరికే రింగ్ 256 చీటీలు. 64 బైట్ల చిన్న ఫ్రేములతో గిగాబిట్ తీగ నిండితే సెకనుకు సుమారు 14 లక్షల 88 వేల ఫ్రేములు వస్తాయి. అంటే 256 చీటీలూ మిల్లీసెకనులో ఐదో వంతు కూడా పట్టకుండా నిండిపోతాయి. ప్రాసెసర్ అంతకు మించి ఆలస్యం చేసిందా, వచ్చినవి నేలపాలే. రింగ్‌ను పెంచే సౌకర్యం ఆ డ్రైవర్లలోనే ఉంది, చాలావాటిలో 4096 దాకా. మన పథకంలో మాత్రం కొత్త కార్డు కొంటారు. కొత్త కార్డుకూ అదే డ్రైవర్, అదే 256. ఇక డ్రాప్డ్ అనే లెక్క చూసి జరిగే హడావిడి మరో ప్రహసనం. లినక్స్ కెర్నెల్ 2.6.37 నుంచి, తనకు పనిలేని ప్రోటోకాల్ ఫ్రేములు వస్తే వాటినీ ఆ ఖాతాలోనే వేస్తోంది. స్విచ్ ప్రతి 30 సెకన్లకు ఒకసారి ఎల్‌ఎల్‌డీపీతో నేను ఫలానా అని చెప్పుకుంటే, వినేవాళ్లెవరూ లేని యంత్రంలో ఆ లెక్క 30 సెకన్లకు ఒకటి చొప్పున పెరుగుతుంది. స్విచ్ చేసిన నమస్కారాన్ని కార్డుకు వచ్చిన జబ్బుగా ఎంచి చికిత్స చేసే ప్రతిభ సామాన్యమైనది కాదు.

రీస్టార్ట్ ఏమీ చేయలేని జబ్బుకు కూడా రీస్టార్ట్ చేయడంలో ఉన్న నిష్ఠకు డ్యూప్లెక్స్ పొరపొచ్చం మచ్చుతునక. 1995లో వచ్చిన 802.3యు ప్రమాణంతో, తీగకు రెండు కొసల్లో ఉన్నవాళ్లు వేగాన్నీ, డ్యూప్లెక్స్‌నూ (ఇద్దరూ ఒకేసారి పంపుకునే ఫుల్ పద్ధతా, ఒకరి తర్వాత ఒకరు పంపుకునే హాఫ్ పద్ధతా అన్నది) తమలో తాము మాట్లాడుకునే ఏర్పాటు వచ్చింది. తొలినాళ్ల పరికరాల్లో ఆ మాటలు సరిగా సాగక, రెండువైపులా 100 ఫుల్ అని చేత్తో బిగించేయడం ఒక ఆచారమైంది. ఆచారం కాబట్టి కారణం పోయినా అది పోలేదు. నేటికీ ఎవరో ఒకరు స్విచ్ వైపు 100 ఫుల్ అని బిగించి, యంత్రం వైపు ఆటో అని వదిలేస్తారు. మాట్లాడేవాడు ఒక్కడే అయినప్పుడు, యంత్రం వైపు కార్డు సిగ్నల్ చూసి వేగాన్ని పోల్చుకోగలదు, డ్యూప్లెక్స్‌ను పోల్చుకోలేదు. తెలియనప్పుడు హాఫ్ అనుకోమని ప్రమాణమే చెబుతోంది. అది ప్రమాణం ప్రకారమే నడుచుకుంటుంది. ఇక ఒకవైపు హాఫ్, ఒకవైపు ఫుల్. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు. పింగ్ కొడితే చక్కగా పలుకుతుంది, ఎందుకంటే ఒంటరిగా వెళ్లే చిన్న ప్యాకెట్‌కు ఎదురొచ్చేవాడు లేడు. పెద్ద ఫైలు కాపీ చేస్తే నత్తనడక. పింగ్ పలుకుతోంది కాబట్టి నెట్‌వర్క్ బాగుంది, ఫైలు కదలడంలేదు కాబట్టి డ్రైవర్ చెడింది అని తీర్మానం. రీస్టార్ట్ చేస్తారు. కార్డు లేచి మళ్లీ ప్రమాణం ప్రకారమే హాఫ్ అనుకుంటుంది. డ్రైవర్ మళ్లీ వేస్తారు. అదీ హాఫే అనుకుంటుంది. కొత్త కార్డు తెస్తారు. అదీ చదువుకున్నదే, ప్రమాణం పాటిస్తుంది. చిక్కల్లా ప్రమాణం చదవని మనిషితోనే, ఆ మనిషిని మార్చే అవకాశం పథకంలో లేదు.

కేబులు సంగతీ అంతే. లైటు వెలుగుతోంది కాబట్టి కేబులు బాగుందన్నది ఈ మతంలో రెండో మంత్రం. 100 మెగాబిట్లకు రెండు జతల తీగలు చాలు. 1999 నాటి 802.3ఏబీ ప్రకారం రాగితీగ మీద గిగాబిట్ నడవాలంటే నాలుగు జతలూ కావాలి. ఒక జతలో ఒక తీగ తెగినా, మిగిలినవాటితో 100కు దిగి నడిపించే తెలివి చాలా కార్డులకు ఉంది. లైటు వెలుగుతూనే ఉంటుంది. వేగం పదో వంతుకు పడిపోతుంది. ఈథ్‌టూల్ అన్న ఒక్క ఆజ్ఞ ఇస్తే స్పీడ్ అన్న చోట 100 అని అచ్చుపడుతుంది. దాన్ని చదివే బదులు, కొత్త కెర్నెల్ వచ్చాక నెట్ నెమ్మదించిందని డ్రైవర్ రాసినవాళ్లను శపించడం ఆనవాయితీ. నాలుగు జతల్లో ఏ తీగ తెగిందో నిర్ణయించే అధికారం కెర్నెల్ రచయితలకు ఎవరూ ఇవ్వలేదు.

ఇవన్నీ చిన్నచిన్న సంగతులు, పెద్ద లోపం వస్తే నిందించవలసింది డ్రైవర్‌నే అనేవారి కోసం 2008 ఉంది. ఆ ఏడాది లినక్స్ 2.6.27 పరీక్షా కూర్పులు వాడినవాళ్లలో కొందరి యంత్రాల్లో, ఇంటెల్ ఐసీహెచ్8, ఐసీహెచ్9 చిప్‌సెట్లతో వచ్చే నెట్‌వర్క్ కార్డులు ఉన్నట్టుండి చచ్చిపడ్డాయి. కార్డు తన చిరునామా, తన అమరికలు దాచుకునే ఎన్‌వీఎం అనే శాశ్వత మెమరీలో చెత్త పేరుకుంది. రీస్టార్ట్ చేస్తే? శాశ్వత మెమరీ కాబట్టి చెత్త కూడా శాశ్వతం. డ్రైవర్ మళ్లీ వేస్తే? ఎన్‌వీఎం చెక్‌సమ్ సరిపోలడంలేదని అది కార్డును ముట్టుకోదు. త్రిసూత్రాల్లో రెండు అక్కడే చేతులెత్తేశాయి. అనుమానం సహజంగానే ఈ1000ఈ డ్రైవర్ మీదికి పోయింది. పాడైంది దాని కార్డు, ఫిర్యాదు రాసింది అది, కొత్తగా మార్పులు జరిగినదీ అందులోనే. కొన్ని లినక్స్ పంపిణీలు తమ పరీక్షా విడుదలల్లో ఆ డ్రైవర్‌ను ఆపేశాయి. ఇంటెల్ ఇంజినీర్లు ఎన్‌వీఎంకు తాళం వేసే సవరణ రాశారు. అంతటితో సంబరపడి ఇంటికి పోయుంటే కథ సుఖాంతం, దొంగ క్షేమం. వాళ్లు పోలేదు. చివరికి దొరికిన కారణం నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేని చోట ఉంది. కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు పిలవబడిందో నమోదు చేసే ఎఫ్‌ట్రేస్ అనే కొత్త సదుపాయం అది.

ఆ నేరం జరిగిన తీరు చూస్తే, మీట నొక్కి పట్టుకోగల దొంగ కాదని అర్థమవుతుంది. ఎఫ్‌ట్రేస్ తాను మార్చవలసిన కోడ్ చిరునామాలను జాబితాగా రాసుకునేది. మాడ్యూళ్లలో మొదట ఒక్కసారే నడిచి, ఆ తర్వాత మెమరీని ఖాళీ చేసి పోయే కోడ్ కూడా ఆ జాబితాలోకి ఎక్కేది. ఖాళీ అయిన ఆ చిరునామాయే తర్వాత నెట్‌వర్క్ కార్డు రిజిస్టర్లకు దక్కేది. ఎఫ్‌ట్రేస్ పాత జాబితా పట్టుకుని అక్కడికి పోయి, అక్కడున్నది తాను ఆశించిన కోడేనా అని పోల్చి, అయితేనే మార్చే ఆజ్ఞ ఇచ్చేది. జాగ్రత్తగానే రాశారు. కాని ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ పోల్చి-మార్చే ఆజ్ఞ, పోలిక కుదరకపోయినా ఉన్న విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు. కార్డు రిజిస్టర్‌లో రాయడమంటే కార్డుకు పని చెప్పడం. అలా చెప్పని పనులు చేసి కార్డు తన ఎన్‌వీఎంను తానే చెరుపుకుంది. 2.6.27 కూర్పు 2008 అక్టోబరు 9న విడుదలైంది. కొద్ది రోజులకే వచ్చిన 2.6.27.1 ఆ ఎఫ్‌ట్రేస్ సదుపాయాన్ని ఆపేసింది. తెర మీద పేరు డ్రైవర్‌ది, శవం కార్డుది, కత్తి ఇంకెవరిదో. పేరు చూసి తీర్పు చెప్పేవాళ్లు ఆ నెలలో ఎన్ని కార్డులు మార్చినా కొత్తవాటికీ అదే గతి పట్టేది.

ఇంటెల్ చిప్పుతోనే 2013లో ఇంకో పాఠం వచ్చింది. ఇంటర్నెట్ టెలిఫోన్ పరికరాల్లో వాడిన 82574ఎల్ కార్డులు ఉన్నట్టుండి చచ్చిపోయేవి. లైట్లు కూడా ఆరిపోయేవి. డ్రైవర్ మళ్లీ ఎక్కించినా, యంత్రాన్ని రీబూట్ చేసినా కార్డు కనబడేది కాదు. కరెంటు తీసి పెడితే తప్ప లేచేది కాదు. వారానికోసారి కరెంటు తీసి పెట్టే ఉద్యోగిని నియమించి సమస్య తీరిందనుకోవడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఉండదు. కారణం తేల్చిన ఇంజినీరు అలా చేయకుండా, చావుకు ముందు వచ్చిన ప్యాకెట్లను పట్టి చూశాడు. ఫలానా స్థానంలో ఫలానా విలువ గల బైటు ఉన్న ప్యాకెట్ వస్తే కార్డు చస్తోందని తేలింది. అదే చోట ఇంకో విలువ ముందుగా వస్తే ఆ కార్డుకు టీకా వేసినట్టయి, ఆ తర్వాత చావు ప్యాకెట్ వచ్చినా చచ్చేది కాదు. ఇంటెల్ పరిశీలించి, తప్పు ఒక మదర్‌బోర్డు తయారీదారు ఆ చిప్పు ఈఈప్రామ్ అనే మెమరీలో ఎక్కించిన అమరికలదని చెప్పింది. ఇక్కడా దొంగ డ్రైవర్ కాదు, చిప్పు రూపకల్పన కూడా కాదు. మన త్రిసూత్ర పథకాన్ని అక్షరాలా అమలు చేసి అదే రకం బోర్డు ఇంకొకటి తెచ్చి పెట్టుంటే, అదే బైటు దానికోసం కాచుకుని ఉండేది.

అయితే డ్రైవర్లు పుణ్యాత్ములేమీ కావు, అసలు చెత్త డ్రైవర్లూ చెత్త కార్డులూ లేవంటారా అని నిలదీయవచ్చు. నిలదీయాలి కూడా. రియల్‌టెక్ 8139 అనే చౌక చిప్పుకు ఫ్రీబీఎస్‌డీలో డ్రైవర్ రాసిన బిల్ పాల్, ఆ చిప్పు మీద తన కోపాన్నంతా కోడ్ వ్యాఖ్యల్లోనే వెళ్లగక్కాడు. పంపడానికి నాలుగే చీటీలు, దాదాపు ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసరే ఇటూ అటూ కాపీ చేయవలసిన రూపకల్పన అది. కాని గమనించండి, ఆయన తిట్టడానికి ముందు చదివాడు. ఆ రూపకల్పనలో ఏది ఎందుకు బాగాలేదో విడమరిచి చెప్పి తిట్టాడు. అది విమర్శ. డ్రైవర్ దండగ అనడం విమర్శ కాదు, ఆవులింత. రియల్‌టెక్ 8168 అని పెట్టె మీద ఒకటే పేరు రాసి ఉన్నా లోపల ఎన్నో రకాల చిప్పులుంటాయి. ఏది ఏదో పోల్చుకోవడానికి లినక్స్‌లోని ఆర్8169 డ్రైవర్ మొదటే ఎక్స్‌ఐడీ అనే గుర్తును లాగ్‌లో అచ్చువేస్తుంది. నిజంగా డ్రైవర్ లోపమే అయితే, దాన్ని సరిచేసేవాళ్లు మొదట అడిగేది ఆ గుర్తు, కెర్నెల్ కూర్పు, ఎర్రర్ల లెక్క. డ్రైవర్‌ను నిజంగా శిక్షించాలనుకునేవాడికి కూడా సాక్ష్యమే కావాలి. అది లేని ఫిర్యాదు అరణ్యరోదన.

ఈ కోవలోనే చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం ఒకటుంది: ఏం వచ్చినా ఆఫ్‌లోడ్‌లు ఆపేయడం. పెద్ద ముక్కలను కోసి ప్యాకెట్లు చేయడం, చెక్‌సమ్ వేయడం వంటి పనులను ప్రాసెసర్ కార్డుకు అప్పగించడమే ఆఫ్‌లోడ్. కొన్ని కార్డుల్లో అవి తప్పుగా పనిచేసిన మాట నిజం. కాని ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ అనే పరికరంతో చూసి, బయటికి పోయే ప్రతి ప్యాకెట్‌కూ చెక్‌సమ్ తప్పని గుండెలు బాదుకునేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. ఆ పరికరం ప్యాకెట్‌ను చూసేది కార్డుకు చేరకముందు. చెక్‌సమ్ వేయవలసింది కార్డు. వేయకముందే చూసి తప్పుందనడం, పరీక్ష రాయకముందే ఫెయిల్ చేయడం. ఆఫ్‌లోడ్‌లు ఆపితే తప్పు కనబడదు, ఎందుకంటే ఇప్పుడు ఆ పని ప్రాసెసరే ముందుగా చేస్తోంది. జబ్బు తగ్గిందని రాసుకుంటారు. అసలు జబ్బే లేదు. ఇప్పుడు కొత్తగా ప్రాసెసర్‌కు చాకిరీ ఒకటి తగులుకుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం సమయానిది. కౌంటర్ దగ్గర జనం బారులు తీరి ఉంటే, ఆసుపత్రిలో రిపోర్టు ఆగిపోతే, తీరిగ్గా లెక్కలు చదువుకుంటూ కూర్చుంటారా? కూర్చోకూడదు. ముందు పని నడవాలి. రీస్టార్ట్ చేయవద్దని ఎవరూ అనలేదు. చేసే ముందు ఒక్క నిమిషం అడుగుతున్నాం. లినక్స్‌లో డీమెసేజ్, ఈథ్‌టూల్, ఈథ్‌టూల్ -ఎస్, ఎల్‌ఎస్‌పీసీఐ అనే నాలుగు ఆజ్ఞల ఫలితాన్ని ఫైలులో పడేయడానికి పట్టేది అంతే. చేత్తో కొట్టే ఓపిక లేకపోతే ఒక స్క్రిప్టుగా రాసిపెట్టుకోవచ్చు. విండోస్ యంత్రమైతే ఈవెంట్ వ్యూయర్‌లోని నమోదు రీస్టార్ట్ తర్వాతా ఉంటుంది. కార్డు లెక్కలను మాత్రం ముందే రాసిపెట్టుకోవాలి. యంత్రం ఆగి లేవడానికి పట్టే సమయంతో పోలిస్తే ఇదేమీ లెక్కలోది కాదు. ఒక్క నిమిషం ఖర్చుపెట్టే తీరిక లేనివారికి, అదే జబ్బుకు వారం వారం రీస్టార్ట్ చేసే తీరిక ఎక్కడినుంచి వస్తోందో వారే చెప్పాలి. నిపుణులు లేని చిన్న ఆఫీసులకు ఇవన్నీ సాధ్యమా అని ఇంకొందరు జాలిపడతారు. ఆ ఫైలును చదవగలగడం నైపుణ్యం, దాచిపెట్టడం కాదు. దాచిపెట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చదవగలిగినవాడు దొరుకుతాడు. చెరిపేస్తే ఎంత గొప్ప నిపుణుడు వచ్చినా చదవడానికి ఏమీ ఉండదు.

మిగిలింది ఒక్క వాదన, అందరి నోటా వినిపించేది: ఏమైతేనేం, రీస్టార్ట్ చేస్తే పనిచేసింది కదా! పనిచేసింది. రింగ్ ఖాళీ అయింది, లింకు మళ్లీ మాట్లాడుకుంది, కార్డు రిజిస్టర్లు మొదటికి వచ్చాయి, లెక్కలన్నీ సున్నా అయ్యాయి. వీటిలో ఏదో ఒకటి లోపాన్ని కాసేపు కప్పింది. ఏది కప్పిందో మనకు తెలియదు, తెలుసుకునే దారి మూసిందీ మనమే. అయినా ఇది విజయంగా లెక్కకు రావడానికి కారణం సాంకేతికం కాదు, పద్దుల పద్ధతి. సోమవారం వచ్చిన ఫిర్యాదు రీస్టార్ట్‌తో పరిష్కృతమని మూసేస్తారు. గురువారం అదే కార్డు ఆగితే అది కొత్త ఫిర్యాదు, కొత్త నంబరు, కొత్త విజయం. ఒకే లోపానికి నెలలో నాలుగు విజయాలు దక్కుతుంటే, దాన్ని ఒక్కసారే శాశ్వతంగా సరిచేసి మూడు విజయాలు పోగొట్టుకునే అమాయకుడెవరు? తీర్చిన ఫిర్యాదులను లెక్కపెట్టి, తిరిగొచ్చిన ఫిర్యాదులను లెక్కపెట్టని చోట రీస్టార్ట్ రాజ్యమేలడం సహజం.

అందుచేత ఇలాంటి యంత్రాలను చూసుకునే ప్రతి ఒక్కరికీ, వారి పనిని లెక్కకట్టే ప్రతి యజమానికీ ఒకటే మాట. కారణం రాయని పరిష్కారాన్ని పరిష్కారంగా ఒప్పుకోకండి. ఫిర్యాదు మూసే ముందు లాగ్, కార్డు లెక్కలు, స్విచ్ పోర్టు లెక్కలు జతపరచాలని నియమం పెట్టండి. జతపరచలేకపోతే కారణం తెలియలేదని నిజాయతీగా రాయించండి. అదే కార్డు రెండోసారి ఆగితే పాత కాగితం తీసి కొత్తదానితో పోల్చండి. అప్పటికీ తప్పు డ్రైవర్‌దేనని తేలితే, ఆ కాగితాలన్నీ జతచేసి దాన్ని రాసినవాళ్లకు పంపండి. సరిచేస్తారు. 2008లో అసలు దొంగ దొరికింది కూడా సాక్ష్యం వెంట పోవడం వల్లే. కాగితం లేకుండా నొక్కిన ప్రతి రీస్టార్ట్ మీటా మరమ్మతు కాదు, సాక్ష్యాల ధ్వంసం.